గంజాయి కోసం డిక్కీ సోదా చేశాక తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇది పద్ధతేనా?

స్టేషన్‌రోడ్ డిజైర్, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర పదకొండేళ్ళుగా కిరాయి కారు తిప్పుతున్నాను. ఎల్లో ప్లేట్ డిజైర్, సొంత బండే. ఇంకా 14 నెలల ఈఎంఐ ఉంది. ఇంతవరకు నా మీద ఒక్క కేసు లేదు. అడగాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

పోయిన గురువారం అర్ధరాత్రి దాటాక విశాఖ వైపు నుంచి వచ్చిన రైలు దిగి ఇద్దరు కుర్రాళ్ళు గుంటూరు లక్ష్మీపురం వెళ్ళాలన్నారు. బేరం కుదిరింది. చెరో బ్యాక్‌ప్యాకు, ఇద్దరికీ కలిపి ఒక పెద్ద ట్రాలీ బ్యాగు. ట్రాలీని డిక్కీలో పెట్టింది నేనే. ప్యాసింజర్ చేతిలో బరువు కనబడితే మనమే అందుకోవడం మాకు అలవాటు.

వారధి దాటి కొంచెం ముందుకెళ్ళేసరికి బారికేడ్లు. టైము 1.40. ఒక ఎస్‌ఐ గారు, నలుగురు కానిస్టేబుళ్ళు ఉన్నారు. లైసెన్సు, ఆర్సీ, పర్మిట్, ఇన్సూరెన్సు అడిగారు, చూపించాను. తర్వాత డిక్కీ తియ్యమన్నారు, తీశాను. స్టెప్నీ ఎత్తి కింద టార్చి వేశారు. సీట్ల కింద చేతులు పెట్టి తడిమారు. డ్యాష్‌బోర్డు అరలో దుర్గమ్మ గుడి కుంకుమ పొట్లం ఉంటే ఒక కానిస్టేబుల్ విప్పి, వాసన చూసి, మళ్ళీ మడవకుండా సీటు మీద వదిలేశాడు. తెల్ల సీటు కవరు మీద ఎర్రటి మరక పడింది. రెండుసార్లు ఉతికినా పోలేదు.

ట్రాలీకి నంబరు తాళం ఉంది. తెరవమంటే ఆ కుర్రాడు భయంతో మూడుసార్లు తప్పు నంబరు తిప్పాడు. ఆ రెండు నిమిషాలూ నా కాళ్ళలో వణుకు ఆగలేదు. లోపల ఏముందో నాకు తెలియదు. డిక్కీలో పెట్టిన చేతులు మాత్రం నావి. చివరికి తెరుచుకుంది. బట్టలు, ల్యాప్‌టాప్, వాళ్ళమ్మ కట్టిచ్చిన సున్నుండల డబ్బా ఉన్నాయి. అంతే.

అక్కడితో వదిలేస్తే ఇది రాసేవాణ్ణే కాదు. గంజాయి పట్టుకోవాల్సిందే, అందుకోసం నా డిక్కీ పదిసార్లు చూసుకోమనండి. తర్వాత నా ఫోన్ అన్‌లాక్ చేయించి వాట్సాప్, ఫోన్‌పే రెండూ కిందికి జరుపుకుంటూ చూశారు. మా ఆవిడ మెసేజులు కూడా చదివారు. ఆ తర్వాత ఏమీ రాయని తెల్ల కాగితం ఇచ్చి "పేరు, సంతకం, సెల్ నంబరు" అన్నారు. ఏమీ రాయలేదు కదా సార్ అంటే, "చెకింగ్ చేసినట్టు మేం రాసుకుంటాంలే, నువ్వు పెట్టు" అన్నారు. పెట్టేశాను. అప్పటి నుంచి నిద్ర లేదు. ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో, దాని మీద ఏం రాశారో.

ఇంత టెన్షన్ ఎందుకంటే, మా స్టాండులోనే తిరిగే ఒకతను నాకు తమ్ముడి వరస. పోయిన ఏడాది దసరా ముందు రాజమండ్రి నుంచి చిలకలూరిపేటకి ఇద్దర్ని ఎక్కించుకున్నాడు. దారిలో ఆపారు. డిక్కీలోని రెండు బ్యాగుల్లో బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు దొరికాయి, తూకం వేస్తే 14 కిలోలు. వాళ్ళిద్దరూ ఏ1, ఏ2. వీణ్ణి ఏ3గా పెట్టారు. వాడి భార్యకి కబురు తెలిసింది మర్నాడు సాయంత్రం. 54 రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కారు మాత్రం ఇంకా స్టేషన్ కాంపౌండులోనే ఉంది. నెలకి 11,800 ఈఎంఐ కడుతూనే ఉన్నారు. మొన్న వెళ్ళి చూశాను. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి, అద్దం తుడిచే రబ్బరు ఎండకి విరిగి ముక్కలైంది. ఏ స్టేషనో చెప్పను, వాడి కేసు నడుస్తోంది.

నాకు తెలియాల్సింది ఇది. రోడ్డు మీద ఆపితే డిక్కీ తెరవకుండా ఉండే హక్కు మనకుందా? ఫోన్ అడిగితే ఇవ్వాలా? ఆ తెల్ల కాగితం గురించి ఇప్పుడు ఏం చేయాలి? ప్యాసింజర్ బ్యాగులో ఏదైనా దొరికితే డ్రైవర్ ఎందుకు ముద్దాయి అవుతాడు? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు వకీలు

డ్రైవర్ గారూ, క్రిమినల్ కేసులే ఎక్కువగా చూస్తాను కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. మీరు చెప్పినదాంట్లో రెండు చట్టాలు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి.

లైసెన్సు, ఆర్సీ అడగడం మోటారు వాహనాల చట్టం కింద. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే చూపించాలి. డిజిలాకర్‌లో ఉన్నవి చూపించినా చెల్లుతాయి. ఆ చట్టం అక్కడితో ఆగిపోతుంది. మత్తుమందుల కోసం డిక్కీ వెతికే అధికారం అందులో లేదు. ఆ అధికారం 1985 నాటి మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. 49వ సెక్షన్ ప్రకారం, బండిలో సరుకు పోతోందని అనుమానించడానికి కారణం ఉంటే ఆపి సోదా చేయొచ్చు. ఎవరు చేయొచ్చు? 42వ సెక్షన్ కింద అధికారం పొందిన అధికారి. ఆ సెక్షన్‌లోనే కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు అని స్పష్టంగా ఉంది. మీ దగ్గర ఎస్‌ఐ ఉన్నారు కాబట్టి ఆ విషయంలో గొడవ లేదు.

అదే 42వ సెక్షన్ ప్రకారం, సమాచారం ముందే వస్తే దాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లోపు పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా వెతకాలంటే, ఎందుకు ఆగలేకపోయారో ముందే రాసుకోవాలి. 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, పబ్లిక్ రోడ్డు మీద ఉన్నా సొంత వాహనం సొంత వాహనమే, అది పబ్లిక్ వాహనం కాదు, కాబట్టి 42 పాటించాల్సిందే. అసలేమీ పాటించలేదని ముద్దాయిల్ని వదిలేశారు. మీది ఎల్లో ప్లేట్ కాబట్టి ప్రాసిక్యూషన్ వాళ్ళు "ఇది పబ్లిక్ వాహనం, బహిరంగ స్థలంలో సోదాకి ఉన్న 43వ సెక్షన్ చాలు" అని వాదిస్తారు. దాన్ని కోర్టులో తేల్చుకోవాలి. ఇంకో సంగతి, మామూలు వాహన తనిఖీలో అనుకోకుండా సరుకు బయటపడితే ముందు రాత ఎందుకు లేదని అడగలేం. బయటపడిన క్షణం నుంచి మాత్రం ఎన్‌డీపీఎస్ పద్ధతి ప్రకారమే నడవాలి.

అందరూ పొరపాటు పడేది 50వ సెక్షన్ దగ్గర. "నన్ను గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్ళండి" అనే హక్కు ఒంటి మీద సోదాకే. జేబులు, నడుము, బట్టలు. ఆ హక్కు ఉందని మనిషికి చెప్పి తీరాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ చేతిలోని బ్యాగుకీ, బండికీ ఆ సెక్షన్ వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో తేలిపోయింది. కాబట్టి డిక్కీ దగ్గర నిలబడి తహసీల్దార్‌ని పిలిపించండి అంటే లాభం లేదు. ఆడవాళ్ళను సోదా చేయాల్సింది ఆడవాళ్ళే, ఇందులో మినహాయింపు లేదు.

ఫోన్ సంగతి. ఒక నేరానికి సంబంధం ఉందని అనుమానముంటే ఫోన్‌ని సీజ్ చేసి, జాబితాలో రాసి తీసుకోవచ్చు. దొరికిన ప్రతివాడి ఫోన్ తెరిపించి చాటింగులు చదవడానికి ఆధారం లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. మీ ఆవిడ మెసేజులు చదవడం తప్పు. నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను.

తెల్ల కాగితం మీద సంతకం దానికంటే పెద్ద తప్పు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద, చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని చట్టమే అంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 162, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 181. ఇక ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఒప్పుకున్నట్టు రాసుకున్న మాట సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసు తీర్పు ఉంది. కాబట్టి ఆ కాగితంతో మిమ్మల్ని ఇరికించేస్తారని నిద్ర మానుకోకండి. కానీ ఊరుకోనూ వద్దు. ఫలానా తేదీ, ఫలానా టైము, ఫలానా చోట ఏమీ రాయని కాగితం మీద నా సంతకం తీసుకున్నారు, నా దగ్గర ఏమీ దొరకలేదు అని ఒక పేజీ రాసి గుంటూరు జిల్లా ఎస్పీ గారికి (వారధి దాటితే గుంటూరు జిల్లానే) స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వారం దాటనివ్వకండి.

ఆటోనగర్ లారీ

తమ్ముడూ, వకీలు గారు చెప్పినవన్నీ కోర్టులో. రాత్రి రెండింటికి బారికేడు దగ్గర సెక్షన్లు మాట్లాడితే తెల్లారేదాకా పక్కన నిలబెడతారు. నాకు జరిగింది. 2022లో మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి వస్తుంటే "వారెంటు ఉందా సార్" అన్నాను. నాలుగు గంటలు ఆపి, టార్పాలిన్ మొత్తం విప్పించి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపించారు. ఏమీ దొరకలేదు. మళ్ళీ ఎక్కించడానికి హమాలీ కూలి నేనే ఇచ్చుకున్నాను. డిక్కీ తియ్యమంటే తియ్యి. నోరు మాత్రం మర్యాదగా ఉండాలి.

రిటైర్డ్ ఎస్‌ఐ, మంగళగిరి

లారీ బాబాయ్ చెప్పింది నిజమే అయినా, అది అలా జరగకూడదు. నేను 31 ఏళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేశాను, అందులో చెక్‌పోస్టు డ్యూటీలు ఎన్నో లెక్కలేదు.

మీ రోడ్డు మీదే ఎందుకు ఇంత చెకింగ్ అంటే, అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి, ఒడిశాలో మల్కన్‌గిరి వైపు నుంచి సరుకు దిగుతుంది. చెన్నైకి గానీ హైదరాబాద్‌కి గానీ పోవాలంటే 16వ నంబరు హైవే పట్టుకుని విజయవాడ మీదుగా వెళ్ళడమే తేలిక. అందుకే రైల్వే స్టేషన్, బస్టాండు, వారధి, కాజ టోల్‌గేటు దగ్గర కళ్ళు ఎక్కువ ఉంటాయి. సొంత బండి పెట్టి తెచ్చేవాడు తెలివైనవాడు కాదు. తెలివైనవాడు మీలాంటి వాళ్ళ కారు ఎక్కుతాడు. బ్యాగు వెనక పడేసి ముందు సీట్లో కూర్చుంటాడు, దొరికితే "అది నాది కాదు, డ్రైవర్‌ది" అంటాడు. అలా అన్నవాళ్ళను నా కళ్ళతో చూశాను. డిక్కీలో పెట్టిన చేతులు నావి అని మీరు రాసిన ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఇకమీదట ఎవరి బ్యాగూ ఎత్తకండి. ఎవరిది వాళ్ళనే పెట్టుకోమనండి.

ఆ కుర్రాడు నంబరు తప్పు తిప్పినప్పుడు ఎస్‌ఐకి అనుమానం రావడం సహజం. నాకూ వచ్చేది. కానీ తెల్ల కాగితం మీద సంతకానికి ఏ సమర్థనా లేదు. చెక్ చేసిన బండ్ల వివరాలు రాసుకోవాలంటే పుస్తకంలో నంబరు, టైము రాసుకుంటారు, దానికి మీ సంతకం ఎందుకు? కొత్తగా వచ్చిన పిల్లలకి ఎవరో నేర్పిన చెడ్డ అలవాటు ఇది. నా చేతికింద ఎవరైనా చేస్తే ఆ కాగితం నా ముందే చింపించేవాణ్ణి.

సరుకు దొరికితే ఏం జరగాలో కూడా తెలుసుకోండి. సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు ఉండాలి. మన దగ్గర సాధారణంగా వీఆర్వోలను పిలుస్తారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం అంతా వీడియో తీసి మేజిస్ట్రేట్‌కి పంపాలి. సెల్‌ఫోన్‌తో తీసినా చాలు. మీరు అడగాల్సిన మాట ఇదొక్కటే: "సార్, వీడియో ఆన్ చేసి చూడండి, నేనే తెరుస్తాను." నిజాయితీగా పనిచేసే ఏ ఆఫీసరూ దీనికి కోప్పడడు. వీడియో ఆయనకీ రక్షణే. రేపు కోర్టులో మధ్యవర్తి అడ్డం తిరిగితే ఆ వీడియోనే ఆయన్ని కాపాడుతుంది.

ఎక్కినవాళ్ళ మీద మీకే అనుమానం వస్తే 1972కి ఫోన్ చేయండి. అది మన రాష్ట్రంలో గంజాయి, మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ విభాగం నంబరు.

స్టేషన్‌రోడ్ డిజైర్, విజయవాడ

లాయర్ గారికి, ఎస్‌ఐ గారికి, లారీ అన్నకి చేతులెత్తి దండం. లెటర్ నిన్న గవర్నరుపేటలో ఒకాయన చేత టైపు చేయించి స్పీడ్ పోస్టు చేశాను. రసీదు సీటు కవరు జిప్పులో పెట్టుకున్నాను.

ఇంకో మాట అడగాలి. మా తమ్ముడి సంగతి. వాడికి ఏమీ తెలియదని నాకు తెలుసు. ఆ ఇద్దరూ ఫోన్ చేసి కిరాయి మాట్లాడారు, డీజిల్‌కి వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేశారు. తెలియకుండా మోసినవాడు కూడా దొంగేనా?

గుంటూరు వకీలు

కాదు. కానీ నిరూపించాల్సిన బరువు మన మీద పడుతుంది, ఈ చట్టంలో కష్టమంతా అక్కడే. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది వాళ్ళు. ఇక్కడ సరుకు నీ ఆధీనంలో ఉందని వాళ్ళు చూపిస్తే చాలు, 35, 54 సెక్షన్ల కింద నీకు తెలిసే ఉంచుకున్నావని కోర్టు అనుకోవచ్చు. తెలియదని చూపించాల్సింది ముద్దాయే. 2003లో మదన్‌లాల్ కేసులో కారులో ఉన్న అందరికీ శిక్ష ఖాయం చేశారు. వాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు, కలిసి ప్రయాణం చేస్తున్నవాళ్ళు. మీ వాడి పరిస్థితి వేరు. కిరాయికి వెళ్ళిన డ్రైవరు. ఆ తేడాని నోటితో చెబితే నిలబడదు, కాగితంతో చూపించాలి.

ఆ వెయ్యి రూపాయల ఫోన్‌పే, కిరాయి మాట్లాడిన కాల్, అంతకు ముందు ఎప్పుడూ ఆ నంబర్లతో మాట్లాడలేదనే కాల్ రికార్డు బంగారం లాంటివి. కాల్ డేటా కంపెనీల దగ్గర ఎల్లకాలం ఉండదు. దాన్ని భద్రపరచి తెప్పించమని కోర్టులో పిటిషన్ వేశారా? వెయ్యకపోతే వెంటనే వెయ్యాలి.

14 కిలోలంటే మధ్యస్థ పరిమాణం. గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్ళకు తక్కువ ఉండదు, ఇరవై దాకా పోవచ్చు, బెయిలు కూడా 37వ సెక్షన్ వల్ల మహా కష్టం. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా. మీ వాడు 20 లోపే ఉన్నాడు కాబట్టి 54 రోజులకి రాగలిగాడు.

భార్యకి మర్నాడు సాయంత్రం తెలిసిందన్నారు. అరెస్టు చేయగానే ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, కారణాలు ముద్దాయికి తెలియజేయాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అరెస్టు మెమోలో ఏ టైము వేశారో, ఎవరికి చెప్పినట్టు రాశారో చూడండి. అక్కడ తేడా ఉంటే విచారణలో పనికొస్తుంది.

బ్రాడీపేట శారద

డ్రైవర్ గారూ, మా అన్నయ్య కూడా ఇలాంటి కేసులోనే ఏడు నెలలు లోపల ఉన్నాడు. తర్వాత కేసు కొట్టేశారు. అరెస్టయినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారని మాకు తెలియక మొదటి రెండు నెలలకే మా అమ్మ గొలుసు పోయింది. న్యాయ సేవా సంస్థ నంబరు 15100. స్టాండులో అందరి ఫోన్లలో వేయించండి.

స్టేషన్‌రోడ్ డిజైర్, విజయవాడ

శారదమ్మా, మీ అన్నయ్య క్షేమంగా ఉన్నందుకు సంతోషం. స్టాండులో 23 మందిమి ఉన్నాం. ఈ ఉదయం అందరి ఫోన్లలో 15100, 1972 రెండూ వేయించాను.

నిన్నటి నుంచి ఒక పని మొదలుపెట్టాను. నలభై పేజీల నోటుబుక్కు కొన్నాను. ఎక్కే ముందు ప్యాసింజర్ పేరు, నంబరు, బ్యాగులు ఎన్ని, ఎవరివి అని వాళ్ళ చేతే రాయిస్తున్నాను. బ్యాగు వాళ్ళే డిక్కీలో పెట్టుకుంటున్నప్పుడు ఒక ఫొటో. నిన్న తెనాలి వెళ్ళిన పెద్దాయన చిరాకు పడ్డారు, "నన్ను దొంగనుకుంటున్నావా" అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చక్కగా రాశారు, "రెండు సంచులు, ఒకటి బియ్యం, ఒకటి నిమ్మకాయలు" అని. ఇంకో కుర్రాడు మాత్రం నోటుబుక్కు చూసి "వేరే బండి చూసుకుంటాలే" అని వెళ్ళిపోయాడు. ఆ కిరాయి పోయినందుకు నాకు బాధ లేదు.

లాయర్ గారూ, కాల్ రికార్డు పిటిషన్ వెయ్యలేదట. వాడి భార్యని తీసుకుని సోమవారం గుంటూరు వస్తాను. కారు బయటికి వచ్చే దారి ఉందా? కేసు తేలేదాకా అక్కడే ఉంటుందని స్టేషన్‌లో అన్నారట.

గుంటూరు వకీలు

ఆ మాట నమ్మకండి. 2025 జనవరిలో బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఎన్‌డీపీఎస్ కేసులో సీజ్ చేసిన వాహనాన్ని విచారణ జరిగేలోపు యజమానికి తాత్కాలికంగా ఇవ్వడానికి చట్టంలో అడ్డు లేదని. అది కూడా వాహనం యజమాని వేసిన పిటిషనే. ఇవ్వాలా వద్దా అన్నది కేసును బట్టి జడ్జి గారు చూస్తారు. మీ వాడు యజమాని మాత్రమే కాదు, ముద్దాయి కూడా, కాబట్టి కొంచెం గట్టిగా వాదించాలి. వస్తే బాండు, జామీను అడుగుతారు, బండి అమ్మకూడదు, పిలిచినప్పుడు కోర్టుకి తేవాలి అని షరతులు పెడతారు. చివరికి బండి జప్తు కాకుండా ఉండాలంటే 60వ సెక్షన్ కింద తనకి తెలియదని, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని చూపించాలి.

సోమవారం పదిన్నరలోపు రండి. ఆర్సీ, పర్మిట్, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ అగ్రిమెంటు, ఇప్పటిదాకా ఈఎంఐ కట్టిన స్టేట్‌మెంటు, ఎఫ్‌ఐఆర్, మధ్యవర్తుల నివేదిక, బెయిలు ఆర్డరు కాపీలు తేవాలి. ఫోన్‌పే లావాదేవీ ప్రింటు తీయించండి. దసరా ముందు వాడిన ఫోన్ పోలీసుల దగ్గరుంటే అదే నంబరుతో బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చినా సరే. మీరు కాంపౌండులో కారుని ఫొటోలు తీశారా? ఆ టైర్లు, ఆ విరిగిన రబ్బరు కనబడేలా నాలుగు ఫొటోలు కలర్ ప్రింటు తీయించి తీసుకురండి.